తిరిగి వచ్చిన తేదీ

గౌరి సంచీలో అడుగున లాప్‌టాప్ పెట్టింది. దాని మీద రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, ఎండు నెత్తళ్ళ వేపుడున్న ప్లాస్టిక్ డబ్బా, అన్నిటికీ పైన చుట్ట చుట్టిన ఛార్జరు. రాజాం హాస్టల్లో మూడు రోజులకు అవి చాలు. తల్లి దాలమ్మ గడప పక్కన కూర్చుని చేపల తట్టకు తాడు బిగిస్తూ సంచీ వైపే చూస్తోంది.

"ఇన్నాళ్ళూ ఇంటికాడ కూకునే రాసినావు గదే. ఇప్పుడేటొచ్చినాది ఆ రాజాం ఆపీసోళ్ళకి?"

"నేను రాస్తన్నట్టు ఆళ్ళకి కనబడతాలేదమ్మా."

"రాసిందంతా పంపుతున్నావు గదా."

"రాసింది కనబడతాది. రాస్తన్నప్పుడు కనబడదు."

దాలమ్మ తాడు ముడి పళ్ళతో లాగి బిగించింది. "సేప తెచ్చి పోస్తే సాలదు, వల యేసేటప్పుడు కూడా ఆళ్ళు సూడాలంటారేటి?"

"అదే."

"మరి గురారం మనూరొస్తారన్నావు, ఆ సార్లు?"

"వస్తారు. నేను రాసిన తెప్పల పేజీ మన వేలం షెడ్డు కాడే సూపించాల. మనోళ్ళు బాగున్నాదంటే ఇలగే ఇంటికాడ నుంచి రాసుకోమంటారు. నేదంటే ఈ నెలతో సరి."

బయట ఆటో హారను మోగింది. గౌరి చెప్పుల కోసం దొడ్లోకి వెళ్ళింది. దాలమ్మ లేచి సంచీలో చెయ్యి పెట్టింది. ఇంట్లోంచి ఎవరు ఊరెళ్ళినా వాళ్ళ సంచీలోంచి ఒక వస్తువు తీసి ఇంట్లో ఉంచుతుందామె. ఉంచిన వస్తువు కోసమైనా మనిషి తిరిగి రావాలి. గౌరికి ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ దువ్వెనో తువ్వాలో పోయేది. అందుకే రాజాం హాస్టల్లో ఆమెకు మూడు దువ్వెనలున్నాయి. ఆ రోజు ఆటో అబ్బాయి తొందర పెడుతున్నాడు. దాలమ్మ చేతికి పైనున్న నల్ల తీగే తగిలింది. అది తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది.

గౌరి వచ్చి సంచీ భుజాన వేసుకుంది. "ఎల్..." అనబోయి ఆగి, "వస్తానమ్మా" అంది.

"రా" అంది దాలమ్మ. ఎప్పుడొస్తావని అడగలేదు. బయలుదేరిన మనిషిని ఆ ఒడ్డున ఎవరూ ఆ మాట అడగరు.

కోటబొమ్మాళిలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని గౌరి రాజాం చేరేసరికి పదకొండయింది. ఆఫీసు గోనెసంచుల దుకాణం పైన రెండో అంతస్తు. ఆరు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, కిటికీ మూసినా లోపలికొచ్చే ధాన్యం దుమ్ము. ఇక్కడి పనంతా ఒక వెబ్‌సైటులోనే. దాన్ని అందరూ ప్లాట్‌ఫారం అంటారు. బ్రౌజర్లో తెరవాలి, అందులోనే రాయాలి, అందులోనే నడిపి చూసుకోవాలి. ఎవరు ఎన్ని నిమిషాలు టైపు చేశారో అదే లెక్కగట్టి ఒక పట్టీ తయారు చేస్తుంది. ఆ పట్టీ వారానికోసారి విశాఖపట్నం ఆఫీసుకు వెళ్తుంది.

గౌరి మొదట్లో బ్రౌజర్లోనే రాసేది. శ్రావణంలో ఒక రోజు ఇంటి దగ్గర పొద్దుటి నుంచీ రాసిన నూట అరవై లైన్లు, సిగ్నలు పోయి తెర మీద చక్రం తిరిగి తిరిగి, మళ్ళీ తెరిచేసరికి లేవు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. అప్పటి నుంచి చదువుకునే రోజుల్లో అలవాటైన తన సొంత ఎడిటర్లో రాస్తోంది. నల్ల పేజీ, పసుపు అక్షరాలు, ఇంకే హంగూ లేదు. నెట్ ఉన్నా లేకపోయినా అది రాయనిస్తుంది. నెట్ రాగానే, రాసిన ఫైళ్ళను ఒక చిన్న పనిముట్టు పైకి, ప్లాట్‌ఫారానికి పంపుతుంది. ఆ పనిముట్టును ఇచ్చింది ప్లాట్‌ఫారం వాళ్ళే. ఎవరి ఎడిటరు వాళ్ళు వాడుకోవచ్చని వాళ్ళే రాసిపెట్టారు. నిమిషాలు లెక్కపెట్టే పట్టీకి మాత్రం ఆ సంగతి తెలియదు.

"సూడు" అన్నాడు టీం ఇన్‌ఛార్జి త్రినాథ్, పట్టీ చూపిస్తూ. మనిషి చెడ్డవాడు కాదు. "రేఖ పదకొండొందల నిమిషాలు. మిగతా వాళ్ళు ఎనిమిదొందలకి తగ్గలేదు. నీది సున్నా. పోయిన వారం సున్నా, అంతకు ముందు వారం సున్నా."

"పేజీలు నడుస్తున్నాయి గదా సార్."

"నడుస్తున్నాయి. నాకు తెలుసు. విశాఖపట్నంలో మురళీమోహన్ గారికి పేజీలు పంపరు, పట్టీ పంపుతారు. ఈ మూడు రోజులూ బ్రౌజర్లో రాయి. పట్టీలో పచ్చగా కనబడితే నేను మాట్లాడతాను."

గౌరి లాప్‌టాప్ తెరిచి ఛార్జరు కోసం సంచీ తడిమింది. బట్టలు తీసి చూసింది. వరండాలోకి వెళ్ళి ఫోను చేసింది.

"అమ్మా, నల్ల తీగ తీసినావేటి?"

"ఒకటి తియ్యాల గదా."

"దువ్వెన తియ్యొచ్చు గదే."

"సేతికి అదే తగిలినాది. ముఖ్యమైనదేటి?"

"దానికదే అన్నం."

ఫోనులో కాసేపు సముద్రం హోరు వినబడింది. "అయితే తొరగా వస్తావులే" అంది దాలమ్మ.

ఆ లాప్‌టాప్ పాతది. తీగ లేకుండా గంట కంటే నిలవదు. దాని పిన్నుకు సరిపోయే ఛార్జరు ఆఫీసులో లేదు. గౌరి తన ఫోల్డరు తెరిచి, అందులో కనబడినవన్నీ ఎంచుకుని పెన్‌డ్రైవులో వేసి, కిటికీ పక్కనున్న ఆఫీసు కంప్యూటరులోకి మార్చింది. అందులోనూ తన ఎడిటరును, పంపే పనిముట్టును పెట్టుకుంది.

ఆ ఫోల్డరులో కనబడనిది ఒకటుంది. పైకి పంపకూడని ఫైళ్ళ పేర్లు రాసి ఉంచుకున్న చిన్న చీటీలాంటి ఫైలు. చుక్కతో మొదలయ్యే పేరు గనక అది జాబితాలో కనబడదు. చీటీ పాత లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

"ఒసే గౌరీ" అంది పక్క కుర్చీలోంచి రేఖ, గొంతు తగ్గించి. "పదకొండొందలు ఎలగొచ్చాయో తెలుసా?" జడలోంచి క్లిప్పు తీసి స్పేస్‌బారు అంచున దోపింది. తెర మీద గీత తనంత తానే కుడివైపు పరిగెత్తింది. "ఇలగ పెట్టీసి టీ తాగొస్తాను. వచ్చి చెరిపెస్తాను. నువ్వూ పెట్టుకో, నాకాడ ఇంకో క్లిప్పున్నాది."

"నీ జడ ఊడిపోదేటి?"

"ఊడితే ఊడింది. ఉజ్జోగం ఊడకూడదు గానీ."

గౌరి నవ్వింది. క్లిప్పు తీసుకోలేదు. మర్నాడు మంగళవారమంతా బ్రౌజర్లోనే రాసింది. బ్రాకెట్టు తెరిస్తే అది తనే మూసేది. అలవాటు కొద్దీ ఆమె కూడా మూసేది, రెండయ్యేవి. ఒకటి చెరిపేది. పేజీ కిందికి దిగాలని వేళ్ళు తమ పాత మీటలు నొక్కేవి, బ్రౌజరు ఇంకేదో కిటికీ తెరిచేది. సాయంత్రానికి నూట పన్నెండు నిమిషాలు పచ్చగా వచ్చాయి. త్రినాథ్ వచ్చి చూసి, "అదీ" అన్నాడు. ఆ నూట పన్నెండు నిమిషాల్లో ఆమె రాసినవి ఇరవై లైన్లు. అందులో పదకొండు తప్పులని తీసేసింది.

రాయవలసింది చాలా ఉంది. ఆ పేజీ వేటకు వెళ్ళే తెప్పల కోసం. తెప్ప పేరు, మనిషి పేరు, బయలుదేరిన తేదీ. ఒడ్డుకు చేరగానే తిరిగి వచ్చిన తేదీ. రెండు రోజులు దాటినా ఆ చివరి గడి ఖాళీగా ఉంటే వరస ఎర్రబడి, అన్నిటికంటే పైకి వస్తుంది. ఎన్ని రోజులు ఆలస్యమో పక్కనే అంకె పడుతుంది. ఇవన్నీ గౌరి రాసినవే. విశాఖపట్నం వాళ్ళు రెండుసార్లు అడిగినా రాయనిది ఒకటుంది, రానివారి కోసం వేరే గడి.

బుధవారం పొద్దున్న ఆమె బ్రౌజరు మూసేసి తన ఎడిటరు తెరిచింది. మధ్యాహ్నానికి మిగిలిన పనంతా తేలింది, ఆ గడి తప్ప. నిమిషాలు మళ్ళీ కదలడం మానేశాయి. ఫైళ్ళన్నీ పైకి పంపి, తన తెర మీద పేజీ చూసుకుంది. అన్నిటికంటే పైన ఎప్పుడూ ఉండే ఎర్ర వరస ఉంది. ఆమె సరిచూసుకోడానికి పెట్టుకున్న నమూనా వరస అది, దాని ఫైలు పేరు ఆ చీటీలో ఉండేది. మొదట్లో అందులో పేర్లకు బదులు ఒకటి, రెండు అని అంకెలుండేవి. ఎరుపు సరిగ్గా వస్తోందో లేదో చూడాలంటే, వెళ్ళి రాని మనిషి ఒకడు కావాలి. ఆమెకు తోచిన పేరు ఒకటే. ఇంటి దగ్గర రెండు నెలలుగా ఆ వరస రోజూ చూస్తున్న కళ్ళు గనక, ఇప్పుడు అది పైకి కూడా వెళ్ళిపోయిందని ఆమెకు తట్టలేదు.

త్రినాథ్ నాలుగింటికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మళ్ళీ మొదలెట్టావా నీ నల్ల పేజీ?"

"పని అవ్వాల గదా సార్."

"రేపు పెద్దాయన ఆ గడే అడుగుతాడు. గడి లేదు, నిమిషాలు లేవు. నేనేటి చెప్పాలి, చెప్పు?"

"దానికేటి పేరు పెట్టాలో తెలీడం లేదు."

"రానివారు అని పెట్టు. మూడక్షరాలో, నాలుగో. దానికింత ఆలోచనేటి?"

"మా ఒడ్డున ఆ మాట ఎవులూ అనరు సార్. ఇంకా రావాలంటారు. అంతే."

"ఎన్నాళ్ళని అంటారు?"

గౌరి కీబోర్డు మీద పడిన దుమ్ము వేలితో తుడిచింది. త్రినాథ్ లేచాడు. "రేపు వాళ్ళు బాగుందనకపోతే నా చేతిలో ఏం లేదమ్మా. నీకిప్పుడే చెప్తున్నాను."

గురువారం పదింటికి వ్యాను ఊళ్ళోకి వచ్చింది. త్రినాథ్, రేఖ, గౌరి. వెనకనే విశాఖపట్నం నుంచి కారులో మురళీమోహన్. యాభై దాటిన మనిషి. దిగగానే బూట్లలోకి ఇసుక దూరింది. ఒక్కొక్క కాలే ఎత్తి విదిలించుకుంటూ షెడ్డు దాకా వచ్చాడు. పొద్దుటి వేలం అయిపోయి నేల కడిగి ఉంది. ఊరి పెద్ద సోములు తన ఇంట్లోంచి టీవీ తెప్పించి చేపల బల్ల మీద పెట్టించాడు. మగవాళ్ళు స్తంభాలకు ఆనుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. రేఖ జడ లేకుండా, జుట్టు వదిలేసుకుని, టీవీ తీగ పట్టుకుని నిలబడింది.

"సినిమా ఎప్పుడేస్తారు బాబూ?" అని ఎవరో అడిగారు.

"నీ మొగుడు ఏటకెళ్ళి ఏ గంటకొచ్చినాడో అందులో పడతాదంట" అంది ఇంకొకావిడ. "ఇక సారాకొట్టు కాడ ఆగినానని సెప్పడానికుండదు."

నవ్వులు. త్రినాథ్ తన ఫోనులోంచి నెట్ కలిపాడు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి పేజీ వచ్చింది. పొద్దున్న వెళ్ళిన తొమ్మిది తెప్పల పేర్లూ ఉన్నాయి. వాటి పైన ఒక ఎర్ర వరస.

గంగులు. ఒక్క మనిషి తెప్ప. ఆలస్యం 4615 రోజులు.

చదవగలిగిన వాళ్ళు చదివారు. పక్కనున్న వాళ్ళకు చెప్పారు. సోములు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తేదీ తప్పు పడినట్టుంది కదా?" అన్నాడు మురళీమోహన్. "బయలుదేరింది రెండు వేల పదమూడు అని చూపిస్తోంది."

"తప్పు కాదండి" అన్నాడు సోములు.

గౌరికి అప్పుడు తట్టింది. పెన్‌డ్రైవు, ఫోల్డరు, కనబడని చీటీ.

"తీసెయ్యి గౌరీ" అన్నాడు త్రినాథ్ చెవి దగ్గర. తనే ఫోనులో తీయబోయాడు. చక్రం తిరగడం మొదలెట్టింది, ఆగలేదు.

గౌరి లాప్‌టాప్ బయటకు తీసింది. సోమవారం నుంచీ ప్రాణం లేకుండా ఉంది. తల ఎత్తేసరికి దాలమ్మ ఎదురుగా ఉంది. చీర చెంగులోంచి నల్ల తీగ విప్పి ఇచ్చింది. కాటా పెట్టే చోట ప్లగ్గుంది. గౌరి అక్కడే కింద కూర్చుని తీగ పెట్టి, తన ఎడిటరు తెరిచింది. నెట్ కాసేపు వచ్చినప్పుడు పైనున్న ఫైళ్ళు దింపుకుంది. నమూనా వరస దొరికింది. ఒక్క మీట నొక్కితే పోతుంది. నెట్ మళ్ళీ రాగానే టీవీ మీద కూడా పోతుంది.

దాలమ్మ ఆమె పక్కన చతికిలబడి టీవీ వైపు చూస్తోంది. చిన్నప్పుడు నేర్చిన అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

"మీ అయ్య పేరే గదా అది?"

"అవునమ్మా. సరిసూసుకోడానికి నేను పెట్టుకున్నాను. ఇక్కడికి రాకూడదు. తీసెస్తన్నాను."

"ఆ అంకె ఏటి?"

"రోజులు."

"ఎన్ని?"

"నాలుగు వేల ఆరొందల పదేను."

దాలమ్మ చేతికున్న గాజులు మోచేతి వైపు తోసుకుంది. "అన్నుంటాయనుకోనేదు" అంది. "ఆ సివర గడి ఖాళీగున్నాదేటి?"

"తిరిగొచ్చిన తేదీ. అది పడితేగానీ ఎరుపు పోదు."

"రానోళ్ళకి గడి ఏదీ?"

"పెట్టనేదు."

"సార్లు పెట్టమననేదా?"

"అన్నారు."

"మరి?"

గౌరి తెర వైపు తిరిగింది. తల్లి నుదుటి మీది బొట్టు పసుపు అక్షరాల మధ్య నీడలా ఆనుతోంది.

"పెట్టు" అంది దాలమ్మ.

"దాలమ్మా" అన్నాడు సోములు, రెండడుగులు ముందుకొచ్చి. "ఇంతమందిలో ఆ మాటెందుకే ఇప్పుడు?"

"నువ్వూరుకో బావా. పన్నెండేళ్ళు ఊరుకున్నావు గదా." ఆమె గొంతు పెంచలేదు. "ఆ రోజు సంచీలో అన్నీ పెట్టీసాను. సుట్టలు, నీళ్ళ సీసా, తువ్వాలు. ఒకటి తీద్దామనుకుని మరిసిపోనాను. సీకటితో తొందర పెట్టినాడు. అప్పటి నుంచీ ఎవులు ఎల్తన్నా తీస్తన్నాను." కూతురు భుజం మీద వేలితో పొడిచింది. "రాయే. ఏటి సూస్తన్నావు?"

గౌరి రాయడం మొదలెట్టింది. నెట్ పోయింది. పోయిందని త్రినాథ్ చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు. నల్ల పేజీ మీద పసుపు లైన్లు ఒకదాని కింద ఒకటి దిగాయి. బ్రాకెట్టు తెరిచింది, మూసింది. ఆడవాళ్ళు ఎవరూ లేచి వెళ్ళలేదు. ఒకావిడ తట్ట జరుపుకుని దగ్గరకొచ్చి, "మా పెద్దోడిది కూడా రాయాలమ్మా, తరవాత" అని మెల్లగా చెప్పి, మళ్ళీ వెనక్కి జరిగింది.

మురళీమోహన్ గౌరి వెనక నిలబడి చాలాసేపు చూశాడు. తరవాత ఫోను తీసి, గాలిలో అటూ ఇటూ తిప్పి, సిగ్నలు దొరికిన చోట నిలబడి పట్టీ తెరిచాడు.

"త్రినాథ్ గారూ, ఈ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది ఇందులో ఎక్కడుంది?"

"అందులో పడదండి. సొంత ఎడిటరు గదా. సున్నా చూపిస్తాది."

"రేఖ అంటే ఎవరు?"

టీవీ తీగ పట్టుకున్న రేఖ రెండో చెయ్యి కొంచెం ఎత్తింది.

"మీరిక్కడున్నారు. ఇందులో చూస్తే ఈ నిమిషాన కూడా రాజాంలో రాస్తున్నారు. పొద్దుటి నుంచీ రెండు వందల పది."

రేఖ చెయ్యి తనంత తానే వదులు జుట్టు మీదికి వెళ్ళింది. త్రినాథ్ స్తంభం మీది సున్నం గోకాడు. మురళీమోహన్ వాళ్ళిద్దరినీ చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఈమెని ఎక్కడ రాయాలనుంటే అక్కడే రాసుకోనివ్వండి" అన్నాడు. "ఈ పట్టీ ఇక నాకు పంపకండి." బూటు విప్పి ఇసుక దులుపుకున్నాడు.

గౌరి విన్నదో లేదో ఎవరికీ తెలియలేదు. ఆమె చివరి లైను దగ్గర ఆగింది. గడి తయారైంది. దానిలో ఏం కనబడాలో రాయాలి.

"ఏటని రాయమంటావమ్మా?"

"ఉన్నదున్నట్టు రాయి. రోజు తెలుసు గదా నీకు?"

"తెలుసు."

"వారం కూడా ఏయి. మంగళారం."

గౌరి టైపు చేసి ఫైలు మూసింది. పావుగంటకు గాలి మళ్ళి, నెట్ వచ్చింది. పనిముట్టు ఫైళ్ళను పైకి పంపింది. రేఖ పేజీని మళ్ళీ తెరిచింది. టీవీ మీద పైనున్న ఎరుపు పోయింది. తొమ్మిది తెప్పల పేర్ల కింద, కొంచెం ఎడంగా, తెల్లటి అక్షరాల్లో ఒక వరస వచ్చింది. గౌరి దాన్ని తల్లి కోసం పైకి చదివింది.

గంగులు, ఒక్క మనిషి తెప్ప మీద, 2013 జనవరి 22, మంగళవారం, తెల్లవారుజామున వేటకు వెళ్ళాడు. తిరిగి రాలేదు.